ఒంటరిగా వచ్చిన జవాబు

హతుడి వయసు పన్నెండేళ్ళు. వృత్తి, హద్దు చెప్పడం. "ఏడో లైను మీద నాలుగువందల మెగావాట్లకు మించి పోరాదు" అన్న ఒక్క వాక్యం తప్ప అతడు జీవితంలో మరో మాట ఎరగడు. ఒక మంగళవారం ఉదయం పది గంటల పదహారు నిమిషాలకు ఎవరో అతణ్ణి నలభై సెకన్లపాటు చంపి, తిరిగి బతికించి, వేలిముద్రలు తుడుచుకుని నిష్క్రమించారు.

హతుడు ఒక అసమీకరణం. రాజులనూ మంత్రులనూ చంపితే చరిత్ర పుటలకెక్కుతుంది గాని, ఒక కంప్యూటర్ ఫైల్లో ఇరవై మూడువేల వరసల మధ్య నిలబడి కావలి కాసే ఒక చిన్న అసమీకరణాన్ని చంపితే ఏడ్చేవారెవరు? ఆ నలభై సెకన్లలో దేశపు కరెంటు పటంలో ఏడో లైనుకు హద్దన్నదే లేకపోయింది. అది పరీక్ష కోసం ఉంచిన నకలు ఫైలు కాబట్టి ఒక్క దీపమూ ఆరలేదు. ఆ ఫైలుకు కాపలాగా పెట్టిన యంత్రం మాత్రం, ఎవరూ చదవని తన దినచర్యలో, ఆ మరణాన్నీ పునర్జన్మనీ ఒకే వరసలో రాసుకుంది. ఆ దినచర్యను చదివే దురలవాటు దేశం మొత్తమ్మీద ఒక్కరికే ఉంది. ఆయనే గూఢచార శాఖాధిపతి. శాఖలో అందరూ ఆయన్ని పెదనాన్న అంటారు. అసలు పేరు తెలిసినవాళ్ళు రిటైరయ్యారు, లేదా అంతకంటే గట్టిగా మౌనం వహించారు.

పెదనాన్న ఏజెంట్ శేషాన్ని పిలిపించాడు.

ఈ శేషం కథ కొంత చెప్పాలి. ఇరవై ఒక్కేళ్ళ కిందట శాఖ తన ఏజెంట్లను ఇద్దరిద్దరుగా జట్లు కట్టింది. మొత్తం నలభై ఏడుగురు. ఇరవై మూడు జట్లు కుదిరాయి. మిగిలినవాడికి శేషమని పేరు పెట్టారు. ఆ తరువాత జట్లు మారాయి, విడిపోయాయి, కొన్ని పెళ్ళిళ్ళ దాకా వెళ్ళాయి. శేషం మాత్రం శేషంగానే ఉన్నాడు.

"ఏమయ్యా శేషం, లెక్కలొచ్చా?" అన్నాడు పెదనాన్న.

"పదో క్లాసులో ముప్పై ఆరు, సార్."

"నూటికా?"

"నూటికే, సార్."

"చాలు. నిన్నెవరూ అనుమానించరు. కూర్చో."

శేషం కూర్చున్నాడు. పెదనాన్న కుర్చీ చప్పుడు కాకుండా ముందుకు జరిగాడు. ఆ గదిలో గోడలకు చెవులున్నాయి. వాటిని పెట్టించినవాడు ఆయనే.

"దేశంలో కరెంటు ఏ స్టేషన్ నుంచి ఎంత పుట్టాలి, ఏ తీగ మీద ఎంత పోవాలి అన్నది పావుగంటకోసారి ఒక సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది. దాని పేరు అట్టడుగు. అది ఇచ్చిన ప్లాన్‌ని ఇప్పటిదాకా మనుషులు చదివి, సరేనని పంపిస్తున్నారు. ఇంకో ఏడు నెలల్లో మనుషులుండరు. ప్లాన్ మీద అట్టడుగు ధ్రువపత్రం ఉంటే చాలు, నేరుగా యంత్రాలకి వెళ్ళిపోతుంది. అర్థమైందా?"

"ధ్రువపత్రాన్ని దొంగిలిస్తే?"

"ముప్పై ఆరొచ్చినవాడివి, బాగానే పట్టావే! సరిహద్దు అవతల త్రికోణం అనే ముఠా ఉంది. వాళ్ళ దృష్టి దీనిమీద పడింది. మంగళవారం జరిగింది రిహార్సల్. అసలు నాటకం రోజు తప్పుడు ప్లాన్ ఒకటి దొంగ ధ్రువపత్రంతో వస్తుంది. ఏడో లైను తెగుతుంది. దాంతోపాటు ఆసుపత్రులూ, రైళ్ళూ, లిఫ్టుల్లో మనుషులూ... లోపలి మనిషి సాయం లేకుండా ఇది కుదరదు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టాలి."

"లోపల ఎంతమందున్నారు సార్?"

"ఒక్కడే."

"మరి దొంగెవరో తెలిసినట్టేగా?"

"అంత తేలిగ్గా తెలిసిందనే నాకు అనుమానం. ఆయనే దొంగైతే నీ చేత్తో పట్టుకురావాలి. కాకపోతే నీ చేత్తో కాపాడాలి. రెంటికీ చెయ్యి ఒకటే. జాగ్రత్త."

శాఖ స్టోరుకీపరు పరికరాలిచ్చాడు. ఫొటోలు తీసే కలం, అది రాయదు. మాటలు రికార్డు చేసే కళ్ళజోడు, అందులోంచి ఏమీ కనబడదు. సంకేతాలు పంపే చొక్కా గుండీ, రెండో ఉతుకుకే ఊడిపోయింది. ఈ దివ్యాస్త్రాలు ధరించి శేషం శత్రుదుర్గంలో ప్రవేశించాడు. వేషం, మాన్యువల్ రైటర్. సాఫ్ట్‌వేర్‌ని ఎలా వాడాలో పుస్తకం రాసేవాడన్నమాట. ప్రపంచంలో ఎవరి కంటా పడకుండా బతకదలచినవాడికి ఇంతకు మించిన మారువేషం లేదు. ఆ పుస్తకాన్ని ఎవరూ చదవరు.

శత్రుదుర్గం రెండు గదులు. ఒకదానిలో యంత్రాలు, మరొకదానిలో అట్టడుగును ఒంటిచేత్తో తయారుచేసిన మాస్టారు. ఉన్న ఒకే కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ చేయి చాపితే అందుతుంది. ఆ గోడ మీద పైపు ఒకటి, పైపు మీద తుప్పు, తుప్పు ఆకారంలో ఒక ఖండం పటం. ఇరవై రెండేళ్ళుగా మాస్టారు తల ఎత్తితే కనబడే ప్రపంచం అదే. అరవై దాటిన మనిషి. సోడాబుడ్డి అద్దాలు తీస్తే చేతిలో గ్లాసు కూడా కనబడదు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోకూడదని నిర్ణయించుకున్నదేమీ లేదు, ఆ ప్రశ్న ఒక్కసారీ గుర్తుకు రాలేదంతే.

ప్రతి బుధవారం మధ్యాహ్నం మూడింటికి ఆయనకు ఫోన్ వస్తుంది. అక్కగారు.

"తిన్నావా?"

"తిన్నానక్కా."

"సరే, ఉంటాను."

మొత్తం పద్దెనిమిది సెకన్లు. ఆ ఫోన్‌ను రహస్యంగా వినే బాధ్యత శేషానిది. ఏడు నెలల్లో ముప్పై ఫోన్లు విని, ముప్పైసార్లు అక్షరం పొల్లుపోకుండా రాసి శాఖకు పంపాడు. ఆ పద్దెనిమిది సెకన్లలో సంకేతభాష దాగి ఉందేమోనని నిపుణులు రెండు వారాలు శోధించి, లేదని తేల్చారు. తనకు ఏ వారమూ ఎవరూ ఫోన్ చెయ్యరని, తన ఫోన్ వినే శ్రమ శత్రువుకు కూడా లేదని శేషం గమనించాడు. ఆ విషయం నివేదికలో రాయలేదు. దానికి గడి లేదు.

పనిలో చేరిన మూడో రోజున మాస్టారు బల్ల మీద తువ్వాలు పరిచి, ముడతలు పెట్టి, ఒక గోళీ చేతికిచ్చాడు.

"వదులు, తమ్ముడూ."

శేషం వదిలాడు. గోళీ దొర్లి ఒక ముడతలో ఆగింది.

"ఇదే అట్టడుగంటావా?"

"ఆగింది కదండీ."

"ఆగినంత మాత్రాన అడుగేనా? ఆ పక్క ముడత ఇంకా లోతుగా ఉంటే? లోకంలో ఉన్న సాఫ్ట్‌వేర్లన్నీ గోళీలే. దొరికిన గుంటలో పడుకుని ఇదే పాతాళమని చాటుతాయి. మనుషులూ అంతేలే. మనది గోళీ కాదు." మాస్టారు తువ్వాలు కిందికి ఒక కంచం జొనిపి మెల్లగా పైకెత్తాడు. "ఇదుగో, ఇలా నేలనే కిందనుంచి లేపుతాం. ఎక్కడ మొదట తగిలిందో అదే అన్నింటికన్నా లోతు. ఇంక దానికింద ఏమీ లేదు. లేదని రుజువు కూడా రాసిస్తాం."

"రుజువెలాగండీ? ప్రతి గుంటలోకీ తొంగిచూడాలిగా?"

"అక్కర్లేదు. ఏ సంఖ్యనైనా దానితోనే హెచ్చవేస్తే సున్నాకి తక్కువ వస్తుందా?"

"రాదు." అది ముప్పై ఆరులో భాగమే.

"మన ప్లాన్‌కీ, మిగతా ఏ ప్లాన్‌కైనా సరే, ఖర్చులో ఉండే తేడాని అట్టడుగు ఇలాంటి వర్గాల మొత్తంగా విప్పి చూపిస్తుంది. వర్గం ఎప్పుడూ తక్కువ కాదు కాబట్టి, మనకంటే చవకైనది ఎక్కడా లేదు. అదీ ధ్రువపత్రం. దేవుడొచ్చినా కాదనలేడు." అని, కాస్త ఆలోచించి, "వచ్చిందాకా చెప్పలేంలే" అన్నాడు.

ఇరవై రెండేళ్ళలో ఆయన ఈ సంగతి పూర్తిగా చెప్పగలిగింది ఇప్పుడేనని శేషానికి తరువాత తెలిసింది. మిగతావాళ్ళంతా తువ్వాలు పరిచేసరికే గడియారం చూసుకున్నారట. గూఢచారికి మాత్రం వినడమే కూడు పెట్టే వృత్తి.

మాన్యువల్ మూడో అధ్యాయం దగ్గర పని నిలిచిపోయింది. ఆ అధ్యాయం అక్కాచెల్లెళ్ళ గురించి. నది ఒడ్డున ఒక స్టేషన్లో రెండు పెద్ద జనరేటర్లున్నాయి. ఒకే రోజున, ఒకే కార్ఖానాలో, ఒకే కొలతలతో పుట్టాయి. వాటిని ఇంజనీర్లు అక్కా, చెల్లీ అంటారు. రెండూ సమానంగా పనిచెయ్యడం ఎప్పుడూ దండగే. ఒకటి బరువు మొయ్యాలి, ఒకటి తేలిగ్గా తిరగాలి. అక్క మోస్తే ఎంత ఖర్చో చెల్లి మోసినా అంతే. అందుచేత అట్టడుగు ఏనాడూ ఒక జవాబు ఇవ్వదు, రెండు ఇస్తుంది. అవి అద్దంలో బొమ్మల్లాంటి కవలలు. ఈ చిన్న విషయాన్ని మాస్టారు అయిదుసార్లు తిరగరాయించాడు. "ఒక జవాబు దొరికితే చాలనుకునేవాడికి ఇది తలకెక్కదు తమ్ముడూ. స్పష్టంగా రాయి."

ఆదివారాలు శేషానికి చేసేదేమీ ఉండేది కాదు. అద్దెగది, ఒక కుర్చీ, ఒక గోడ. విసుగు పుట్టి, అక్కాచెల్లెళ్ళు తప్ప మరేమీ లేని బుల్లి లెక్కను తన లాప్‌టాప్‌లో అట్టడుగుకు ఇచ్చి చూడసాగాడు. ఎండాకాలపు గిరాకీతో ఒకసారి, వానాకాలపు గిరాకీతో ఒకసారి. నూటపన్నెండుసార్లు చూశాడు. నూటపన్నెండుసార్లూ జవాబులు చెట్టాపట్టాలు వేసుకుని జంటగానే వచ్చాయి. లెక్కలు కూడా తోడు లేనిదే గడప దాటవని తెలిసి అతనికి కొంచెం ఈర్ష్య కలిగింది.

అతనికున్న తోడు గురువారం మాత్రమే వచ్చేది.

శాఖకూ శేషానికీ మధ్య వారధి ఒక స్త్రీ. సంకేతనామం నెమలి. పైకి ఆమె సాఫ్ట్‌వేర్ లైసెన్సుల విదేశీ సలహాదారు. లోపల మన శాఖ ఏజెంటు. ఆ లోపల ఇంకో లోపలున్నదని అప్పటికి ఎవరికీ తెలియదు. వాళ్ళు కలుసుకునే చోటు కంటి ఆసుపత్రి వరండా. అక్కడ అందరి కళ్ళలోనూ చుక్కలు వేసి కూర్చోబెడతారు. ఎవరూ ఎవరినీ చూడలేని అలాంటి రహస్యస్థలం మరొకటి లేదు. అనుమానం రాకుండా శేషం కూడా ప్రతి గురువారం చుక్కలు వేయించుకునేవాడు. కాబట్టి ఏడు నెలల్లో ఇరవై ఎనిమిదిసార్లు కలిసినా, నెమలి అతని దృష్టిలో ఒక ఆకుపచ్చని మసక, ఒక సుగంధం, ఒక గొంతు.

"డాక్టరుగారొచ్చారా?" అంటుంది గొంతు.

"వచ్చారు గానీ చూపు రాలేదు," అనాలి శేషం.

వారం మొత్తమ్మీద ఎవరైనా అతనికి ఎదురుచూస్తూ వేసే ప్రశ్న అదొక్కటే. అప్పుడప్పుడు, నిబంధనలకు విరుద్ధంగా, "మీకెలా ఉంది?" అని ఒక మాట కలిపేవాడు. నెమలి నవ్వేది. ఆ నవ్వుకు బదులుగా శేషం తనకు తెలిసినదంతా చెప్పేవాడు. మాస్టారు ఎప్పుడు వస్తాడు, ఎప్పుడు వెళతాడు, ధ్రువపత్రం మీద సంతకం చేసే డిజిటల్ తాళం ఉన్న పెన్‌డ్రైవ్‌ను ఎక్కడ దాస్తాడు. అది కళ్ళజోడు పెట్టెలో, తుడుచుకునే గుడ్డ కింద.

ఇరవై తొమ్మిదో గురువారం నెమలి సంకేతవాక్యం అడగలేదు.

"ఆర్డరొచ్చింది శేషం. రేపే."

"ఏం ఆర్డరు?"

"మీ మాస్టారే. పోయినవారం త్రికోణం వాళ్ళ దగ్గర ఒక దొంగ ధ్రువపత్రం దొరికింది. దానిమీద సంతకం ఆయన తాళంతో చేసింది. ఆ తాళం ఇంకెవరి దగ్గరుంది చెప్పు?"

చుట్టూ మసక. ఎవరో దగ్గుతున్నారు.

"రేపు పదకొండింటికి కంట్రోల్ రూంలో అజమాయిషీ మనుషుల చేతుల్లోంచి యంత్రాలకి మారుతోంది. మొదటి ప్లాన్ తెరమీద తొంభై సెకన్లుంటుంది. ఎర్రబటన్ నొక్కితే పాత పద్ధతికి తిరిగిపోతుందని అందరూ అనుకుంటున్నారు. ఆయన దాని వైర్లు మార్పించాడు. నొక్కితే దేశం మొత్తం చీకటి. ప్లాన్‌లో తప్పుందని వంక పెట్టి ఆయన లేస్తాడు. నువ్వు పక్కనే ఉండి చెయ్యి పట్టుకో. గడియారం సున్నాకొచ్చాక సంకెళ్ళు వెయ్యి. అంతే."

"పెదనాన్న ఏమన్నారు?"

"నీ చేత్తోనే అన్నారు." ఆమె అతని చొక్కా చేతిని వేళ్ళతో తాకింది. "రేపటితో నీ వనవాసం ముగిసినట్టే. సంతోషమేగా?"

తనతో ఏడు నెలలు మాట్లాడిన మనిషిని అప్పగించడానికి సంతోషించే పద్ధతి శిక్షణలో నేర్పారేమోనని శేషం గుర్తుచేసుకోబోయాడు. నేర్పలేదు.

కంట్రోల్ రూంలో ఒక గోడంతా దేశపటం. దీపాలతో గీసిన తీగలు. దానికెదురుగా బల్లలు, హెడ్‌ఫోన్లు, నిద్రలేని ఇంజనీర్లు. నేలంతా చిల్లుల పలకలు. వాటికిందనుంచి చల్లగాలి పైకి తన్ని పంట్లాముల్ని ఊపుతోంది. పెద్దలు ముందువరసలో కూర్చుని చేతులు ఎప్పుడు కలపాలోనని చూస్తున్నారు. మూడో వరసలో ఆకుపచ్చ సిల్కు.

శేషం మొట్టమొదటిసారి నెమలిని మామూలు కళ్ళతో చూశాడు. అందగత్తె. అందంలో అతిశయోక్తి లేదు. అయితే ఇరవై తొమ్మిది గురువారాలుగా అతను ఊహించుకున్న ముఖం ఇది కాదు. ఆ ముఖం కొంచెం దిగులుగా ఉండేది. ఈ ముఖానికి దిగులంటే ఏమిటో తెలియదు.

మాస్టారు అతని భుజం పట్టుకుని తడుముకుంటూ వచ్చాడు.

"మీ అద్దాలేవండీ?"

"పొద్దున్నించీ పెట్టెతో సహా కనబడట్లేదు. నాలుగుసార్లు ఇల్లంతా వెతికాను. ఇవాళ్టికి నువ్వే నా కళ్ళు, తమ్ముడూ."

పెట్టెలో తాళం ఉందని ఇద్దరికీ తెలుసు. తాళం దొంగిలించబడిందా, దాచబడిందా? శేషం ఆ ప్రశ్నను మింగి, ఎర్రబటన్‌కు రెండడుగుల దూరంలో ఆయనను కూర్చోబెట్టి, పక్కన నిలబడ్డాడు. జేబులో సంకెళ్ళు తొడకు చల్లగా తగులుతున్నాయి.

పదకొండు. తెర వెలిగింది. తొంభై అంకె పడి దిగసాగింది. ముందువరస చప్పట్లు కొట్టింది.

"వచ్చిందా?" అన్నాడు మాస్టారు.

"వచ్చింది."

"ధ్రువపత్రం?"

"ఉంది. సంతకం సరిపోయిందని పచ్చగీత కూడా పడింది."

"కింద చిన్న అక్షరాల్లో జవాబుల సంఖ్య ఉంటుంది. రెండేగా?"

శేషం చూశాడు.

"ఒకటి."

"సరిగ్గా చూడు, తమ్ముడూ."

"ఒకటేనండీ."

మాస్టారు కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. "ఇది నాది కాదు. ఎవడో గోళీని వదిలి, ఆగిన గుంటకి నా ముద్ర కొట్టాడు. బటన్ ఎక్కడ? బటన్ దగ్గరికి తీసుకుపో!"

యాభై ఒకటి. శేషం ఆయన మణికట్టు పట్టుకున్నాడు. నెమలి చెప్పినట్టే జరుగుతోంది. వంక, లేవడం, బటన్, అన్నీ. ఎముకల మీద చర్మం తప్ప ఏమీ లేని ఆ మణికట్టు అతని పిడికిట్లో కొట్టుకుంటోంది.

"నొప్పెడుతోంది. ఎందుకు పట్టుకున్నావ్?"

"కూర్చోండి మాస్టారూ."

"కూర్చుంటే తెగిపోతుంది! ఏడో లైను తెగిపోతుంది!"

వెనకనుంచి సుగంధం. చెవి దగ్గర గొంతు. "మంచిపని. వదలకు. ఇంకో ముప్పై నాలుగు."

ఇటువంటి ఘట్టాల్లో మహావీరులు దైవాన్నో గురువునో తలుచుకుంటారు. శేషం ఆదివారాలను తలుచుకున్నాడు. కుర్చీ, గోడ, లాప్‌టాప్. జంటగా వచ్చిన నూటపన్నెండు జవాబులు. మాస్టారు అబద్ధమాడవచ్చు. శాఖ అబద్ధమాడవచ్చు. మూడో అధ్యాయాన్ని కూడా ఆయనే రాయించాడు గనుక అందులోనూ అబద్ధం ఉండవచ్చు. కాని ఆ ఆదివారాల్లో గదిలో మాస్టారు లేడు, నెమలి లేదు, ఎవరూ లేరు. ఎవరూ లేనిచోట చూసినదాన్ని ఎవరు మార్చగలరు? అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఆ నది ఒడ్డున తిరుగుతున్నంతకాలం సరైన జవాబు ఒంటరిగా రాదు. ఒంటరిగా వచ్చిందంటే అది దొంగది. ఒంటరితనం సంగతి అతనికంటే బాగా తెలిసినవాడు ఆ హాలులో లేడు.

ఇరవై. పందొమ్మిది.

బటన్ వైర్ల సంగతి చెప్పింది ఒక్క నెమలే. తాళం దాచే చోటు తను చెప్పింది ఒక్క నెమలికే.

తొమ్మిది.

శేషం మణికట్టు వదిలి, మాస్టారు అరచేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. "రెండడుగులు. ఎడమకి. ఇంకొంచెం." నెమలి అతని చొక్కా పట్టి లాగింది. చొక్కా చిరిగింది. ఎవరో "ఏయ్!" అన్నారు. శేషం ఆ అరచేతిని ఎర్రబటన్ మీద పెట్టి, తన చెయ్యి దానిమీద వేసి నొక్కాడు.

తెర మీద అంకె ఒకటి దగ్గర ఆగింది.

ఆ తరువాత ఏం జరిగిందో చెప్పడానికి కవుల వద్ద మాటలు లేవు. ఎందుకంటే ఏమీ జరగలేదు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. గాలి పంట్లాముల్ని ఊపుతూనే ఉంది. ఆసుపత్రుల్లో యంత్రాలు ఊపిరి పోస్తూనే ఉన్నాయి, లిఫ్టుల్లో జనం ఒకరి ముఖం ఒకరు చూడకుండా అంతస్తుల అంకెలు చూస్తూనే ఉన్నారు. ఒక దేశం తాను రక్షింపబడిన సంగతి తెలియకుండా రక్షింపబడింది. తెర మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి: పాత పద్ధతికి మార్చబడింది. ముందువరస మళ్ళీ చప్పట్లు కొట్టింది, కార్యక్రమంలో ఇదీ ఒక భాగమనుకుని.

నెమలి అప్పటికే తలుపు వైపు నడుస్తోంది. పరుగెత్తలేదు. అందగత్తెలు పరుగెత్తరు. ఆమె తన చేతిసంచిలోంచి లిప్‌స్టిక్ తీసింది. అది లిప్‌స్టిక్ కాదని శేషానికి తెలుసు. అతను బల్ల చాటుకు వంగబోతుండగా, ఆమె ఎత్తుమడమ నేలపలక చిల్లులో దిగి ఇరుక్కుంది. ఒక్క ఊపు. లిప్‌స్టిక్ చేతిలోంచి జారి, దొర్లుతూ పోయి, మరో చిల్లులో పడి, నేలకింది చల్లని చీకట్లో మాయమైంది.

దగ్గర్లో ఉన్న ఇంజనీరు మోకాళ్ళ మీద కూర్చుని ఆమె చీలమండ రెండు చేతులా పట్టుకున్నాడు. "కదలకండి మేడమ్. నేను తీస్తా. పలక విరిగితే మళ్ళీ నేనే సమాధానం చెప్పుకోవాలి."

శేషం సంకెళ్ళు తీశాడు. ఎవరికోసమో తెచ్చినవి ఎవరికో సరిపోయాయి. చేతిసంచిలో మాస్టారి కళ్ళజోడు పెట్టె దొరికింది. గుడ్డ కింద పెన్‌డ్రైవ్ భద్రంగా ఉంది.

"బటన్ గురించి నువ్వు చెప్పింది..." అన్నాడు శేషం.

"బటన్ బటనే." నెమలి చిరాకుగా జుట్టు సవరించుకుంది. "త్రికోణంలో పదకొండుమంది డాక్టరేట్లు రెండేళ్ళు కష్టపడ్డారు తెలుసా? సంతకం సరిపోయింది, పచ్చగీత పడింది. రెండు జవాబులు రావాలని ఎవడికి తెలుస్తుంది?"

"మాన్యువల్‌లో ఉంది. మూడో అధ్యాయం."

"మాన్యువల్ ఎవరు చదువుతారు శేషం?"

"రాసినవాడు," అన్నాడు శేషం.

ఆమె అతని ముఖం వైపు ఒక క్షణం చూసింది, నిజంగానే, మొదటిసారి చూసినట్టు. "గురువారాలు నువ్వు అడిగేవాడివి, నాకెలా ఉందని. నేనెప్పుడూ చెప్పలేదు కదా?"

"లేదు."

"పర్వాలేదు. బాగానే ఉండేది," అని కాపలావాళ్ళ వెంట వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం రెండు గదుల దుర్గంలో మాస్టారు అద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. కిటికీ అవతల గోడ మీద ఎండ సన్నని చారగా పడింది. ఆయన మణికట్టు మీద నాలుగు వేళ్ళ గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. శేషం వాటినే చూస్తూ, చెప్పవలసినది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, చిరిగిన చొక్కాను లోపలికి దోపుకుంటున్నాడు.

"మాస్టారూ, నేను మాన్యువల్ రైటర్ని కాదండీ."

"తెలుసు."

"ఇవాళ తెలిసిందా?"

"చేరిన వారానికే తెలిసింది. మొదటి అధ్యాయం చెప్పిన తేదీకి ఇచ్చావు. ఇన్నేళ్ళలో అలాంటి మాన్యువల్ రైటర్ని నేను చూడలేదు నాయనా. ఖచ్చితంగా గూఢచారివే అనుకున్నాను."

"మరి... ఎందుకడగలేదు? ఎవరికైనా చెప్పొచ్చుగా!"

మాస్టారు కీబోర్డు మీద దుమ్ము ఊదాడు. "చెబితే నిన్ను తీసుకుపోతారుగా."

పక్కగదిలో యంత్రాల హోరు. ఎక్కడో పైపులో నీళ్ళు దిగాయి.

"ఇప్పుడెలాగూ వెళ్ళిపోతావనుకో," అన్నాడు మాస్టారు, తెర వైపు తిరిగి. ఆ తెర ఇంకా వెలిగించలేదు.

శేషం తన బల్ల దగ్గరికి వెళ్ళి, శాఖకు పంపవలసిన ముగింపు నివేదిక ముందు వేసుకున్నాడు. శత్రువు పేరు, రాశాడు. పద్ధతి, రాశాడు. నష్టం, ఒక చొక్కా. పద్నాలుగో ప్రశ్న దగ్గర కలం ఆగింది. "ఈ కార్యంలో ఏజెంటు అసలు రూపాన్ని ఆ స్థలంలోని వారెవరైనా గుర్తించిరా? గుర్తించినచో ఏజెంటును తక్షణమే వేరొక స్థలమునకు మార్చవలెను. గుర్తించనిచో తదుపరి ఉత్తర్వుల వరకు అక్కడనే కొనసాగవచ్చును."

తదుపరి ఉత్తర్వులు శాఖలో సామాన్యంగా పదేళ్ళకు వస్తాయి.

శేషం మాస్టారు వీపు వైపు ఒకసారి చూసి, గుండ్రని అక్షరాలతో "లేదు" అని రాశాడు. ఇరవై ఒక్కేళ్ళ నిష్కళంక సేవలో అతను శాఖకు చెప్పిన మొదటి అబద్ధమది. ఒక గూఢచారికి ఇన్నాళ్ళకైనా వృత్తి పట్టుబడినందుకు పెదనాన్న ఎంతో సంతోషించవలసినదే గాని, ఆయనకు ఆ శుభవార్త చేరవేసేవారే లేకపోయారు.